చప్పుడు చేయని బ్యాటరీ లైటు

పత్తికొండ బజారులో గాబ్రియేలు నడిపే బ్యాటరీ లైట్ల మరమ్మతు దుకాణం కొలతల ప్రకారం చూస్తే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. కీర్తి ప్రకారం చూస్తే దానికి ఎల్లలు లేవు. ఆ సంవత్సరం కర్నూలులో కొత్త రాష్ట్రపు రాజధాని డేరాల కింద కొలువుదీరి ఉన్నది. పత్తికొండకు డేరాల వైభవం కూడా దక్కలేదు గాని, ఒక పండిత పరిషత్తు మాత్రం దక్కింది. అది ప్రతి సాయంకాలం గాబ్రియేలు దుకాణం ముందరి నాపబండ మీద సమావేశమయ్యేది. ఎజెండాలో అంశం ఒక్కటే: రాబోయే కాలపు టార్చిలైటుకు ఏయే సుగుణాలు ఉండవలెను?

"అయిదు సెల్లులది వచ్చింది గదప్పా, ఇంగా ఏం గావల్ల మీకు?" అన్నాడు గాబ్రియేలు, ఒక బల్బును చెవి దగ్గర పెట్టుకొని ఆడిస్తూ. తెగిన తీగ లోపల గలగలమంటే ఆ బల్బుకు ఉత్తరక్రియలు జరిపించవలసిందే.

"అయిదు సెల్లులది చేతిలో పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్ల ఉండాది," అన్నాడు బస్సు డ్రైవరు నరసింహ. "నేను బానెట్టు కింద తల పెట్టినప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండల్ల. వెనకాల ఒక కొక్కెం, ముందర వంగే మెడ. కొంగ మెడ మాదిరి."

బోర్డు స్కూలు అయ్యవారు వెంకటేశ్వర్లు కొంగను తోసిపుచ్చాడు. "అదంతా అలంకారం. అసలు గుణం వెలుతురులో ఉండాలి. మూతి ఒకవైపు తిప్పితే బాణంలాగా సన్నగా పోవాలి. ఇంకోవైపు తిప్పితే గొడుగులాగా విచ్చుకోవాలి."

"గొడుగు మీరే పట్టుకోండి అయ్యవారూ, నాకు బాణం చాలు," అన్నాడు వేటగాడు రసూల్ సాహెబు. "రెండు ఫర్లాంగుల కాడ కుందేలు కండ్లు ఎర్రగా అగుపడల్ల."

"అగుపడితే ఏం జేస్తావు సాయిబూ, సలాం జేస్తావా? నీ తుపాకి పేలి మూడేండ్లాయె!" అన్నాడు నరసింహ.

పరిషత్తు పగలబడి నవ్వింది. ఎన్ని విషయాల్లో భేదించినా రెండు సిద్ధాంతాల్లో మాత్రం సభ్యులందరిదీ ఏకాభిప్రాయం. ఒకటి, లైటు వెండిచెంబులాగా మెరవాలి. రెండు, మీట నొక్కగానే టక్కుమని ఊరంతా వినపడాలి. ఇది కేవలం డాబు కాదు. పొద్దుగూకినాక పొలాల వెంట నడిచే మనిషి దగ్గడమో, పాడడమో, లైటు టక్కుమనిపించడమో చేసి, వచ్చేది తానే అని చాటుకుంటూ రావడం ఆ సీమలో మర్యాద. చాటుకోకుండా వచ్చేవాడు మంచికి రాడు.

"టక్కుమనకపోతే అదేం బ్యాటరీ? దొంగసొత్తు!" అని నరసింహ తీర్మానం ప్రవేశపెట్టాడు. దాన్ని ఇంకొకరు బలపరిచే లోపలే సభ ఎందుకో చప్పబడిపోయింది. గాబ్రియేలు తలెత్తాడు. బండకు అవతల ఓబులేసు నిలబడి ఉన్నాడు. ఓబులేసుకు తలగుడ్డ, మీసం, ఇనుప పొన్ను వేసిన కర్ర ఉన్నవి. ఆ మూడింటికీ బండరేవుల ఊరి మహానందిరెడ్డి యజమాని. ఓబులేసు అనే మనిషి వాటిని మోసుకు తిరిగేవాడు.

"ఏమప్పా గాబ్రేలూ, రెడ్డి పిలుస్తాండాడు. రేపు పొద్దున."

"ఏంటికంట?"

"నాకు చెప్పలే. లైటు సంగతంట."

ఓబులేసు వెళ్లేసరికి బండ మీద ఎవరూ లేరు. పరిషత్తు నిరవధికంగా వాయిదా పడింది. రసూల్ సాహెబు ఒక్కడు సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి చూసి వెళ్లిపోయాడు. గాబ్రియేలు చేతిలోని బల్బు గలగలమంటూనే ఉంది.

అతని భయానికి కారణం పత్తికొండలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. గాబ్రియేలు భార్య వరమ్మకు దాసన్న అని ఒక తమ్ముడున్నాడు. బండరేవులలో దాసన్నకు రెండెకరాల నేల ఉండేది. పోయిన వేసంగిలో మహానందిరెడ్డి నాగళ్లు పొద్దున్నే వచ్చి, గట్టు ఎక్కడున్నదో మరచిపోయినట్టుగా, ఆ నేలను తన అరవై ఎకరాల్లో కలిపి దున్నేసినవి. అటువంటి మరపు పెద్దవాళ్లకు అప్పుడప్పుడు వస్తుంటుంది. దాన్ని ఎవరూ గుర్తు చేయరు. దాసన్న గుర్తు చేశాడు, అదీ కోర్టులో. సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరికి జ్ఞాపకశక్తి పోయింది, ఇంకొకరు బళ్లారి పోయారు. మిగిలింది దాసన్న ఒక్కడే. వాయిదా వచ్చే శుక్రవారం.

మంగళవారం పొద్దున గాబ్రియేలు బండరేవులలో రెడ్డి వాకిట, అరుగుకు పది బారల దూరంలో, ఎండలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ దూరం ఎవరూ కొలిచి చెప్పింది కాదు. అతని తాత నిలబడిన చోటే తండ్రి నిలబడ్డాడు. తండ్రి నిలబడిన చోటే అతనూ నిలబడ్డాడు.

మహానందిరెడ్డి స్థూలకాయుడు. అరుగుమీద కూర్చుంటే అరుగు చిన్నదయినట్టుండేది. ఆ పొద్దు ఆయన కండ్లు కుంకుడు రసం పడినట్టు ఎర్రగా ఉన్నవి. ఓబులేసును చింతతోపు దాకా పంపించి, వాడు కనుమరుగయ్యేదాకా చూసి, అప్పుడు నోరు తెరిచాడు.

"దగ్గరికి రా."

గాబ్రియేలు రెండడుగులు వేశాడు.

"ఇంగా రా. అరుస్తానా నేను?" ఆయన గొంతు నిజంగానే గుసగుసలాగా ఉంది. "ఒక లైటు చెయ్యల్ల. అంగట్లో అమ్మేది గాదు. నేను చెప్పినట్ల చెయ్యల్ల."

"చెప్పండి సామీ."

"నొక్కితే చప్పుడు రాగూడదు."

"రాకుండా చేస్తా సామీ. మీట తీసేసి తోలు కింద పట్టీ పెడతా. బొటనవేలితో ఒత్తితే సాలు."

"మెరుపుండగూడదు. నల్లగా మసి మాదిరి ఉండల్ల."

"అట్లే సామీ."

"వెలుతురు పక్కలకు పోగూడదు. ఎదురుగా ఉండేది నాకు అగుపడల్ల. పట్టుకున్నోడు ఎవురికీ అగుపడగూడదు. ఎడం చేత్తో ఎలగల్ల. కుడి చేతిలో ఇంగొకటి ఉంటాది."

ఆ ఇంకొకటి ఏమిటని గాబ్రియేలు అడగలేదు. అడగవలసిన ప్రశ్న వృత్తిరీత్యా ఒకటి మిగిలింది, దాన్ని అడిగాడు. "ఎంత దూరం పడల్ల సామీ?"

రెడ్డి కండ్లు మూసుకొని, పెదవులు కదుపుతూ, మనసులోనే ఎక్కడో అడుగులు వేసి చూసుకున్నాడు.

"పది అడుగులు. ఎక్కువ అక్కర్లే."

పన్నెండేండ్ల అనుభవంలో గాబ్రియేలు ఎన్నో కోరికలు విన్నాడు. చంద్రుణ్ణి తాకే లైటు కావాలన్నవాడున్నాడు, బావిలో పడ్డా వెలిగే లైటు కావాలన్నవాడున్నాడు. పది అడుగులు చాలన్న మనిషిని ఇదే చూడడం.

"బేస్తవారం మిట్టమధ్యాన్నానికి తేవల్ల. ఈ సంగతి ఎవురికీ చెప్పాకు. ఓబులేసుకు గూడా."

తిరిగి వచ్చే దారిలో గాబ్రియేలుకు లెక్క దానంతటదే తేలింది. దాసన్న ఇప్పుడు తన నేల పోయి, పక్క ఊరివాళ్ల వేరుశెనగ చేనుకు పందులు రాకుండా కాపలా ఉంటున్నాడు. చేలో మంచె మీద పండుకుంటాడు. ఆ మంచె గుంజలు నాటేటప్పుడు గాబ్రియేలే ఒక చెయ్యి వేశాడు. నేల నుంచి పలక దాకా పది అడుగులు. చప్పుడు చేయని లైటు, మెరవని లైటు, పట్టుకున్నవాణ్ణి దాచే లైటు, కుడి చేతిలో ఇంకొకటి. బేస్తవారం తరువాత వచ్చేది శుక్రవారం. ఒక్కొక్క కోరికా ఒక్కొక్క మేకులాగా అతని నెత్తిన దిగింది. దారిపక్క జిల్లేడు పొద కదిలితే, బస్సు బోల్తా పడితే కూడా అరవని మనిషి, కెవ్వుమని అరిచాడు. పొదలోంచి ఒక మేక అతన్ని నిరసనగా చూసింది.

బుధవారం పొద్దున అతను దాసన్నను వెతుక్కుంటూ చేనికి పోయాడు. దాసన్న మంచె కింద కూర్చొని, ఉల్లిగడ్డ గుద్దుకొని, సంగటి తింటున్నాడు. పొట్టి మనిషి. మూతి మీద ఎప్పుడూ సగం నవ్వు ఉంటుంది.

"రా బావా! ఈ పొద్దు ఎట్ల దోవ తప్పి ఇట్లొస్తివి? తిను."

"తినేదానికి రాలేదురా. నువ్వు రెండు దినాలు యాడికన్నా పో. ఎమ్మిగనూరు పో, మీ చిన్నాయన కాడికి పో."

"శుక్రవారం వాయిదా పెట్టుకొని యాడికి పోతా?"

"ఆ వాయిదా వల్లనే పొమ్మంటాండా." చెప్పకూడదని రెడ్డి అన్న మాట గుర్తొచ్చింది. చెబితే ఈ నోటికి కంట్రోలు లేని మనిషి కోర్టులో జడ్జికే చెప్పేస్తాడు. "నా మాట ఇను. కనీసం మంచె మీద పండుకోవాకు."

"మంచె మీద గాక పందుల పక్కన పండుకుందునా?" దాసన్న సంగటి ముద్ద మింగాడు. "నువ్వు భయపడతాండావు బావా."

"భయపడకుంటే ఎట్లరా? నీకు భయం లేదా?"

"భయపడితే గట్టు తిరిగొస్తాదంటే చెప్పు, ఈ పొద్దునుంచే భయపడతా. అక్కతో చెప్పు, శుక్రవారం మధ్యాన్నం మీ ఇంట్లోనే తింటా. కూర చెయ్యమను, సంగటి వద్దు."

ధైర్యం అంటువ్యాధి అని పెద్దలంటారు గాని, గాబ్రియేలుకు మాత్రం అది అంటలేదు. ఇంటికి వచ్చేసరికి వరమ్మ దుకాణపు సామాను ముందర వేసుకొని కూర్చొని ఉంది. మొగుడు రాత్రంతా నిద్రపోకుండా పొర్లడం చూసి, విషయమంతా ఆమె అతని నోటినుంచి ముందే లాగేసింది.

"చెయ్యనని చెప్పు," అంది.

"చెయ్యనంటే ఇంగొకడు చేస్తాడు. ఆదోనిలో ఉండారు, గుత్తిలో ఉండారు. వాండ్లు బాగా చేస్తారు."

"నువ్వు బాగా చెయ్యవా?"

గాబ్రియేలు ఆమె ముఖం చూశాడు. ఆమె కూడా చూసింది. మాట్లాడకుండానే ఒక నిర్ణయం జరిగిపోయింది.

ఆ పొద్దంతా అతను పని చేశాడు. రెండు సెల్లుల ఇత్తడి లైటు ఒకటి తీసుకొని, మీటను పెరికి, ఆ కంతకు మేకతోలు అతికాడు. తోలు కింద సన్నటి రాగి పట్టీ ఉంచాడు. బొటనవేలితో ఒత్తితే, పట్టీ నిద్రపోతున్న పిల్ల పక్కకు తిరిగినంత మెత్తగా తగులుకుంటుంది. నికెలు పూతను ఉప్పుకాగితంతో గీకి, ఆముదంలో దీపపు మసి కలిపి మూడు పూతలు పూశాడు. అద్దం చుట్టూ నల్ల తోలుతో జానెడు గొట్టం కుట్టాడు. గుడిసెలో తలుపు మూసి, దుప్పటి కప్పుకొని వెలిగించి చూశాడు. ఎదుటి గోడమీద అరచేతి వెడల్పున తెల్లటి వెలుతురు పడింది. పట్టుకున్న తన చెయ్యి తనకే కనపడలేదు. పన్నెండేండ్లలో అంత చక్కటి పని తన చేతులనుంచి రాలేదు. పరిషత్తుకు చూపించుకోలేని కళాఖండం అది. అతనికి ఏడుపు వచ్చింది.

తరువాత దాన్ని చెడగొట్టాడు. బల్బు అడుగుకు తగిలే పట్టీని బల్బునుంచి విడిపోయేటట్టు వంచి, విడిపోకుండా కొంచెం మైనంతో అదిమిపెట్టాడు. బల్బు వేడికి మైనం మెత్తబడితే పట్టీ విడిపోతుంది, లైటు ఆరుతుంది. పందుల భయమున్న చేలో, మంచె నిచ్చెన కింద, చీకట్లో లైటు ఆరితే ఎంతటి రెడ్డి అయినా అటూ ఇటూ తడుముకోక తప్పదు. అప్పుడు దాసన్న మేలుకుంటాడు. గుడిసెలో గడియారం లేదు గనుక గాబ్రియేలు పరలోక ప్రార్థనతో కొలిచాడు. మోకరించి, లైటు ఒత్తిపట్టుకొని, నిదానంగా చెప్పుకున్నాడు. తొమ్మిదో ప్రార్థన సగంలో వెలుతురు ఒక్కసారి అదిరి, ఆరిపోయింది. మళ్లీ మైనం పెట్టి మళ్లీ చూశాడు. మళ్లీ తొమ్మిది. దేవుణ్ణి గడియారంగా వాడుకున్నందుకు పదోసారి క్షమాపణగా చెప్పుకున్నాడు.

బేస్తవారం మిట్టమధ్యాహ్నం బండరేవుల ఊరంతా ఎండకు కండ్లు మూసుకొని ఉంది. ఓబులేసు అరుగుమీద తుండు పరచుకొని గురక పెడుతున్నాడు. రెడ్డి స్వయంగా వాకిటికి వచ్చి వేలితో సైగ చేశాడు. గాబ్రియేలు తాను నిలబడవలసిన చోట నిలబడి, గుడ్డలో చుట్టిన లైటును రెండు చేతులతో ముందుకు చాచాడు.

"ఈడ గాదు. లోపలికి రా."

"సామీ?"

"లోపల చూపియ్యల్ల. రా!"

గాబ్రియేలు కులంవాళ్లు ఆ గడప లోపల ఎన్నడూ అడుగు పెట్టలేదు. పశువులు పెట్టేవి. దూడల్ని దాటించినట్టు రెడ్డి అతని భుజం పట్టి దాటించాడు. నడవలో రెడ్డి తల్లి గురమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది. ఎనభై ఏండ్ల ముసలమ్మ చేట ఆపి నోరు తెరిచింది.

"ఓరి నాయనా, వాన్ని యాడికి తోడుకపోతాండావు? నట్టింట్లోకా?"

"లైటు చూసేదానికిమా."

"లైటు చూసేదానికి సూర్యుడు సాల్లేదా నీకు?"

రెడ్డి జవాబు చెప్పకుండా గాబ్రియేలును లోగదిలోకి నెట్టి తలుపు మూశాడు. మట్టిమిద్దె ఇంటికి వెలుతురు వచ్చే దారి పైకప్పులోని గవాక్షి. ఆ గవాక్షి మీద నాపబండ కప్పి ఉంది. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో కాటుకడబ్బీలో ఉన్నట్టుంది. పాత ధాన్యం వాసన, దానిమీద చెమట వాసన. గాబ్రియేలు గోడకు ఆనుకున్నాడు. వీపుకు తగిలింది గోడ కాదు, ధాన్యం గరిసె. తనను ఇక్కడే పూడ్చిపెడతారేమో అనిపించింది. వరమ్మకు కనీసం ఏ గదిలో వెతకాలో కూడా తెలియదు.

చీకట్లో రెడ్డి చెయ్యి వచ్చి లైటు తీసుకుంది. ఇంకొక చేత ఇనుము గోడకు తగిలి గీరిన చప్పుడయింది. తుపాకి.

వెలుతురు పుట్టింది, చప్పుడు లేకుండా.

గాబ్రియేలు లోలోపల ఒకటో ప్రార్థన మొదలుపెట్టాడు.

అతను ఊహించింది, రెడ్డి లైటును ఎదుటి గోడమీద వేసి దూరం చూస్తాడని. రెడ్డి ఆ పని చేయలేదు. ఆ మహాకాయం ముందు ఒక మోకాలి మీద, తరువాత రెండో మోకాలి మీద దిగింది. ఎడమ చెంప నేలకు ఆనించాడు. లైటును మంచం కింద వేశాడు. ఆ మూలనుంచి ఈ మూలకు నిదానంగా, చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చాడు. లేచి, గరిసె వెనక్కి వేశాడు. కాగుల సందుల్లో వేశాడు. అటక మీదికి, తరువాత గవాక్షి బండ అంచుల చుట్టూ, తరువాత తలుపు వెనక్కి. అంతా అయినాక మళ్లీ మోకాళ్ల మీదికి దిగి, మళ్లీ మంచం కింద. అదే వరుస, అదే వేగం. పూజారి హారతి తిప్పే క్రమాన్ని మరచిపోనట్టు ఆ చెయ్యి ఆ క్రమాన్ని మరచిపోలేదు. ప్రతి రాత్రీ చేసే చెయ్యి అది.

మంచం దగ్గరనుంచి తలుపు దాకా ఎంతుంటుందో గాబ్రియేలు చూశాడు. పది అడుగులు.

నాలుగో ప్రార్థనో అయిదో ప్రార్థనో, అతనికి లెక్క తప్పింది.

"బాగుండాది," అన్నాడు రెడ్డి రొప్పుతూ. "శానా బాగుండాదిరా. చప్పుడే లేదు."

"సాలు సామీ, ఇంగ ఆపేయండి. సెల్లులు అరిగిపోతాయి."

"ఉండనీ." రెడ్డి వెలుతురును తలుపుమీద నిలబెట్టి, మంచం అంచున కూర్చున్నాడు. తుపాకి ఒళ్లో ఉంది. "పాత లైటు టక్కుమనేది. టక్కుమంటే లోపల నేను మేలుకొనుండానని వానికి తెలుస్తాది గదా. వాడే ముందు కొడతాడు. అందుకని వెలిగించడం మానేసినా. పోయిన నెల్లో ఒక రాత్రి తలుపు కాడ అలికిడయింది. చీకట్లోనే గురి పెట్టినా. ఏలు ఒత్తేదానికి ఇంగ వెంట్రుకంత ఉండాది. దగ్గింది. మాయమ్మ! మజ్జిగ తెచ్చింది."

గాబ్రియేలుకు ఇది ఏడో ప్రార్థన. భయంలో తన గడియారం గుర్రంలా పరుగెత్తుతున్నదో, ఎద్దులా కూలబడిందో అతనికి తెలియలేదు. ఇది ఏడే అయితే కొంచెం వ్యవధి ఉంది.

"వెలుతురుంటే మనిషి తెలుస్తాడు. లేకుంటే నా ఏలు నా మాట ఇనదు," అన్నాడు రెడ్డి.

"సామీ, ఒకసారి ఇట్లియ్యండి, మూతి కాడ కొంచెం..."

తలుపు అవతల కాళ్లు ఈడుస్తున్న చప్పుడయింది.

రెడ్డి కుడి చెయ్యి తుపాకి మీద పడింది. ఆ క్షణంలోనే తలుపుమీది తెల్లటి చుక్క ఒక్కసారి అదిరి, ఆరిపోయింది.

చీకటి. రెడ్డి బొటనవేలు తోలును ఒత్తుతున్నది, మళ్లీ ఒత్తుతున్నది. తరువాత ఒక చిన్న ఇనుప చప్పుడు. తుపాకి గుర్రం వెనక్కి లాగిన చప్పుడు. తలుపు కిర్రుమంది. నడవలో లోగది వైపు మూల కూడా చీకటిదే కావడంతో తెరుచుకున్న తలుపులోంచి వెలుతురేమీ రాలేదు.

నోరు మూసుకుంటే గుండు తలుపు వైపు పోతుంది. నోరు తెరిస్తే తన వైపు తిరుగుతుంది. గాబ్రియేలు జీవితంలో ఇంత స్పష్టమైన లెక్క ఎప్పుడూ చేయలేదు. నోరు తెరిచాడు.

"నేను సామీ! గాబ్రేలును! ఈడుండా! వాకిట్లో ఉండేది అమ్మ! అమ్మ సామీ!"

అరుస్తూనే ముందుకు పడ్డాడు. అతని చేతికి రెడ్డి మణికట్టు తగిలింది. తన వంశంలో ఏ చెయ్యీ ఎప్పుడూ తాకని మణికట్టు అది. పిట్ట రెక్కలాగా కొట్టుకుంటున్నది. దానిలోంచి లైటును పెరుక్కొని, పన్నెండేండ్లుగా కండ్లు అక్కర్లేని వేళ్లతో మూతి విప్పి, అద్దం విదిలించి, ఒక చేత్తో తోలు ఒత్తిపట్టి, కరిగిన మైనంలోకి రెండో చేతి వేలు గుచ్చి పట్టీని బల్బు అడుగుకు అదిమాడు. వేలు చుర్రుమంది. వదలలేదు.

గొట్టం లేని, అద్దం లేని ఒట్టి బల్బు గది నిండా పచ్చగా వెలిగింది. గురమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె చేతిలో ముంత. ముంతకు జానెడు దూరంలో తుపాకి మూతి.

"ఏమిరా ఇది?" అంది గురమ్మ. "మజ్జిగ తాగమంటే తుపాకి చూపిస్తాండావు!"

రెడ్డి తుపాకిని దించలేదు, దానంతటదే దిగిపోయింది. ముసలమ్మ ముంతను నేలమీద పెట్టి, కొడుకు చేతిలోంచి తుపాకిని రోకలి తీసుకున్నట్టు తీసుకొని, మూలన ఆనించి, గడప మీద కూలబడింది.

రెడ్డి లైటు వైపు చూసి అడిగాడు. "ఏంటికారిందిరా?"

అబద్ధాలు చాలా ఉన్నవి. సెల్లు పాతది, స్ప్రింగు వదులు, బల్బు నాసిరకం. వృత్తిలో రోజూ వాడుకునేవే. గాబ్రియేలుకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మైనం పెట్టినా సామీ. కరిగితే ఆరిపోయేటట్ల."

"ఏంటికి?"

"తమరు దాసన్న మంచె కాడికి పోతారనుకొన్యా. చప్పుడు రాగూడదంటిరి. పది అడుగులంటిరి. శుక్రవారం వాయిదా ఉండాది."

రెడ్డి అతన్ని అలాగే చూశాడు. ఆ ముఖంలో కోపం ఎక్కడనుంచి బయలుదేరుతుందా అని గాబ్రియేలు వేచి చూశాడు. అది బయలుదేరలేదు.

"దాసన్న కాడికి పోతానా? నేనా?" రెడ్డి గొంతు చీలింది. "వాని మొగం మళ్లా చూసే ధైర్యమే ఉంటే నాకు ఈ లైటు ఎందుకురా?"

గాబ్రియేలు పట్టీ మీది వేలు తీయకుండానే తలెత్తి చూశాడు.

"పోయిన వాయిదాలో వాడు నా కండ్లలోకి చూసినాడు. తిట్టలే, ఏడ్వలే. సామీ అనలే. చూసినాడు, అంతే. మా నాయన్ను గానీ నన్ను గానీ ఆ ఊర్లో ఎవుడూ అట్ల చూసిండలే. ఆ పొద్దునుంచి పండుకుంటే మంచం కింద వాడే ఉంటాడు." ఆయన అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. "మావాండ్లకు చెప్తే ఒక్క రాత్రిలో పని అయిపోతాది. చెప్పలే. చెప్తే ఇంగ వాడు మంచం కింద నుంచి ఎప్పటికీ లేయడు. అది నాకు తెలుసు."

గడప మీద గురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నలభై దినాలాయె నిద్రపోయి," అన్నాడు రెడ్డి. "వేలు తియ్యాకు. అట్లే పట్టుకొని కూసో కొంచెంసేపు."

అరవై ఎకరాల ప్రభువు అట్లాగే మంచం మీదికి ఒరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని, గోడవైపు తిరిగాడు. చూస్తుండగానే గురక మొదలయింది. గాబ్రియేలు గరిసెకు ఆనుకొని, నేలమీద, కాలిన వేలితో వెలుతురును పట్టుకొని కూర్చున్నాడు. తాను కాపలా కాస్తున్నది ఎవరికో తలచుకుంటే నవ్వు రావలసింది. రాలేదు. వాయిదా రేపు. కోర్టులో దాసన్న మళ్లీ ఆ కండ్లలోకి చూస్తాడు. ఈ మనిషి మళ్లీ ఈ గదికి వస్తాడు. మంచం కింద, గరిసె వెనక, అటక మీద వెతుకుతాడు. ఎప్పుడో ఒకనాడు భయం ముదిరి ఓబులేసును పిలుస్తాడు.

నిద్రపోయే మనిషితో మాట్లాడడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ఆ కొద్దిపాటి ధైర్యమే తనలో ఉన్నదని గాబ్రియేలుకు తెలుసు. దాన్నంతా కూడగట్టుకొని, పెదవులు మాత్రమే కదిలేటట్టు అన్నాడు.

"ఆ రెండెకరాలు ఇడిచిపెడితే నిద్రొస్తాదేమో సామీ."

గురక ఆగింది.

మంచం మీది వీపు కదలలేదు. ఆ వీపుకు అవతల కండ్లు తెరిచి ఉన్నవో మూసి ఉన్నవో తెలియదు. తుపాకి మూలనే ఉంది. మూల దూరం కాదు.

"ఇంగొకసారి చెప్పు," అంది గోడవైపు తిరిగిన గొంతు.

గాబ్రియేలు చెప్పాడు. ఈసారి గడప మీద కూర్చున్న గురమ్మకు కూడా వినపడేటట్టు చెప్పాడు.